పెరటి కోడిపిల్లల పెంపకం, గూడు: మాసబ్ ట్యాంక్ పరిసరాలు

పెరటి కోళ్ల పెంపకం అంటే ఇంటి గుడ్ల అవసరం తీరేలా కొద్దిపాటి కోళ్లను ఇంటి ఆవరణలోనే సాకడం. ఊళ్లలో తెల్లవారి గంప లేపగానే కోడి బయటికి పోతుంది, పొద్దుగూకే వేళకు తనంతట తానే ఇల్లు చేరుతుంది. పిల్లల్ని తల్లిపెట్ట చూసుకుంటుంది. మేత చాలావరకు పెంటకుప్ప మీదా కళ్లంలోనూ దొరుకుతుంది. హైదరాబాద్ నడిమధ్య మాసబ్ ట్యాంక్‌లో కోళ్లు పెంచాలనుకునేవారికి ఈ మూడూ ఉండవు. తిరిగే చోటు తక్కువ, తెచ్చుకునేవి తల్లిలేని ఒకరోజు పిల్లలు, మేత కొనాల్సిందే. అందుకే నగరంలో పెరటి కోడి బతుకు మొదటి నాలుగు వారాలు వెచ్చదనం మీద, ఆ తర్వాత రాత్రిపూట గూటి తలుపు మీద ఆధారపడి ఉంటుంది. ఈ రెండు చోట్లా శ్రద్ధ పెట్టిన ఇంట్లో కోళ్లు నిలుస్తాయి. మిగతా లోటుపాట్లను అవి చాలావరకు తట్టుకుంటాయి.

ప్రాంతం, సంస్థలు

గోల్కొండ రాణి హయాత్ బక్షీ బేగంను జనం మా సాహెబా అని పిలిచేవారు. ఆమె పేరిట ఉన్న చెరువే ఈ పేటకు పేరు పెట్టింది. ఆమె మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. నీళ్లున్న చోట ఇప్పుడు ఇళ్లూ రోడ్లూ ఉన్నాయి. శాంతినగర్, విజయనగర్ కాలనీ, హుమాయూన్ నగర్ వైపు పాతకాలపు ఆవరణ ఇళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. మిగతాచోట అపార్ట్‌మెంట్లే. కొన్నిచోట్ల పలుగు దిగని రాతినేల. ఈ రాతినేల సంగతి గూడు కట్టేటప్పుడు గుర్తుకొస్తుంది.

అయితే సంస్థల అండ విషయంలో కోళ్లు పెంచేవారికి ఇంత అనువైన పేట నగరంలో మరొకటి లేదనే చెప్పాలి. తెలంగాణ పశుసంవర్ధక శాఖ సంచాలకుల కార్యాలయం శాంతినగర్‌లోనే ఉంది. ప్రభుత్వం తరఫున పశువుల టీకాలు తయారుచేసే వెటర్నరీ బయలాజికల్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కూడా అక్కడిదే. మెహదీపట్నం నుంచి పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా పోతే రాజేంద్రనగర్ వస్తుంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1988లో ప్రాజెక్ట్ డైరెక్టరేట్ ఆన్ పౌల్ట్రీ పేరుతో అక్కడ ఒక కేంద్రాన్ని నెలకొల్పింది. ఇప్పుడు దాన్ని డైరెక్టరేట్ ఆఫ్ పౌల్ట్రీ రీసెర్చ్ అంటున్నారు. దేశంలోని పెరటి కోళ్ల పెంపకాన్నే మార్చేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు ఆ ఆవరణలో రూపుదిద్దుకున్నవే. పి.వి. నరసింహారావు పేరిట ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయం కూడా రాజేంద్రనగర్‌లోనే ఉంది. రాజశ్రీ అనే పెరటి రకం అక్కడి పరిశోధన ఫలం.

హైదరాబాద్‌కు కోళ్ల పరిశ్రమలో వేరే చరిత్ర కూడా ఉంది. హైదరాబాదీ అయిన బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ స్థాపించారు. గుడ్డు ధరను దళారి కాక రైతే నిర్ణయించాలన్న పట్టుదలతో 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఏర్పాటుకు ముందు నిలిచారు. అది షెడ్లలో వేల కోళ్లతో సాగే వ్యవహారం. పెరటి కోడికి కావలసిన లక్షణాలు వేరు: రంగురంగుల ఈకలు, గట్టి కాళ్లు, ఏది దొరికితే అది ఏరుకు తినే గుణం, తెగుళ్లను తట్టుకునే శక్తి.

ఏ కోడిని ఎంచుకోవాలి

నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టదు. అయితే పొదుగుతుంది, పిల్లల్ని రెక్కల కింద దాచుకుని పెంచుతుంది, గద్ద నీడ పడితే కేకపెట్టి హెచ్చరిస్తుంది. గ్రామప్రియ పెరట్లో తిరుగుతూ ఏడాదికి 160 నుంచి 180 దాకా గోధుమరంగు గుడ్లు పెడుతుంది. వనరాజా గుడ్లకూ మాంసానికీ పనికొచ్చే కోడి. గుడ్లు 100, 110 వస్తాయి, పుంజులు త్వరగా బరువెక్కుతాయి. గుడ్ల సంఖ్య పెంచే క్రమంలో ఈ మెరుగు రకాల్లో పొదుగు గుణం దాదాపు పోయింది. ఎక్కువ గుడ్లు పెట్టే పెట్ట తల్లి కాలేదు కాబట్టి, తల్లి చేసే పని మనిషి చేయాలి. కృత్రిమ వేడి అవసరం ఇక్కడే మొదలవుతుంది.

దీనికి పల్లెల్లో ఒక చక్కని ఉపాయం ఉంది. పొదుగుకు కూర్చున్న నాటు పెట్ట కింద మెరుగు రకం గుడ్లు 10, 12 పెడతారు. 21 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి, పెట్ట వాటిని తన పిల్లల్లాగే పెంచుతుంది. పొదుగు మీదున్న పెట్ట కింద రాత్రి చీకట్లో ఒకరోజు పిల్లల్ని చేర్చినా చాలాసార్లు ఒప్పుకుంటుంది. ఆవరణ ఉన్న ఇంట్లో ఒక్క నాటు పెట్టను ఇందుకోసం ఉంచుకోవడం మేలు. బల్బు ఇవ్వగలిగింది వేడి ఒక్కటే. మేత ఎలా ఏరుకోవాలో, ఎప్పుడు దాక్కోవాలో పిల్లలకు నేర్పేది తల్లిపెట్టే.

పాతబస్తీలోని ముర్గీ చౌక్‌లో అసీల్ పుంజులు దొరుకుతాయి. డేగ, కాకి, నెమలి, సేతువ అంటూ రంగును బట్టి పేర్లు పెట్టుకునే ఈ జాతి తెలుగునేలకు గర్వకారణం. కానీ పౌరుషం ఎక్కువ, గుడ్లు తక్కువ. చిన్న ఆవరణలో రెండు పుంజులుంటే ఒకదాన్నొకటి చంపుకునే దాకా పోతాయి. వాటిని పందేలకు వాడటం జంతుహింస నిరోధక చట్టం, 1960 ప్రకారం నేరం కూడా. ఇక సంతల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి పిల్లల చేతికి అమ్మే కోడిపిల్లలు సాధారణంగా గుడ్ల హ్యాచరీలు పారేసే మగపిల్లలు. వాటికి టీకా పడి ఉండదు, వేడి అంది ఉండదు, చాలావరకు వారం తిరక్కుండానే చనిపోతాయి. చిన్నపిల్లల ముచ్చట కోసం ఆ ప్రాణాలను కొనకూడదు. పెంచదలచుకుంటే హ్యాచరీలోనే మారెక్స్ తెగులు టీకా వేసిన పిల్లల్ని ముందుగా చెప్పి తెచ్చుకోవాలి.

పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి. పిల్లలు కావాలంటేనే పుంజు అవసరం. తెల్లవారుజామున కూత పక్కింటివారిని లేపే పేటలో ఐదారు పెట్టలతో సరిపెట్టుకోవడం అందరికీ సుఖం.

మొదటి నాలుగు వారాలు

ఒకరోజు కోడిపిల్ల ఒంటిమీద ఉండేది నూగు మాత్రమే. ఈకలు వచ్చేదాకా సొంత వేడిని నిలుపుకోలేదు. మొదటి వారం దాని చుట్టూ 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఆ తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీలు తగ్గిస్తూ పోవచ్చు. ఈ వేడిని కొలవాల్సింది పిల్ల వీపు ఎత్తులో, అంటే పరుపుకు రెండంగుళాల పైన. గోడకు తగిలించిన థర్మామీటరు చెప్పేది గది సంగతి మాత్రమే.

20 పిల్లలకు మూడున్నర అడుగుల వ్యాసమున్న గుండ్రని ఆవరణ చాలు. మందపాటి అట్టనో రేకునో అడుగున్నర ఎత్తున వలయంగా నిలబెడితే అదే రక్షణ గోడ. గుండ్రంగానే ఎందుకంటే, భయపడినా చలివేసినా పిల్లలు మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అడుగున పడ్డవి ఊపిరాడక పోతాయి. వలయంలో మూలలుండవు. నేల మీద రెండు మూడంగుళాల మందాన ఆరిన వరి ఊక పరచి, మొదటి మూడు నాలుగు రోజులు పైన పాత వార్తాపత్రికలు వేయాలి. లేకపోతే పిల్లలు మేత అనుకుని ఊక తింటాయి. కాగితం నున్నగా జారుతుంటే కాళ్లు ఎడంగా పోతాయి కనుక రోజూ మార్చాలి. మెరిసే కాగితం వాడకూడదు.

వేడికి పిల్లకు 2 వాట్ల లెక్కన పాత పద్ధతి ఫిలమెంట్ బల్బులు వేలాడదీస్తారు. ఇళ్లలో ఇప్పుడున్నవన్నీ ఎల్‌ఈడీ దీపాలు. వాటి వెలుగు ఎంతున్నా పిల్లలకు వేడి రాదు. ఫిలమెంట్ బల్బో ఇన్‌ఫ్రారెడ్ దీపమో వెతికి తెచ్చుకోవాలి. ఒక్క పెద్ద బల్బు కంటే రెండు 40 వాట్ల బల్బులు మంచివి. అర్ధరాత్రి ఒకటి మాడిపోయినా రెండోది నిలబెడుతుంది. వైరు మీదే భారం వేయకుండా బల్బును గొలుసుతో కట్టాలి. అది తెగి ఊక మీద పడితే ఇల్లే అంటుకుంటుంది. కరెంటు పోయినప్పుడు కుంపటి పెట్టే అలవాటు ఉంది. తలుపులన్నీ మూసిన గదిలో బొగ్గు పొగ పిల్లలతోపాటు మనుషుల ప్రాణాలూ తీస్తుంది. అంతకంటే వేడినీళ్ల సీసాలను గుడ్డలో చుట్టి పిల్లల మధ్య ఉంచడం భద్రం.

వేడి సరిపోయిందా లేదా అన్నది పిల్లలే చెబుతాయి. దీపం కింద ముద్దగా చేరి కీచుకీచుమంటుంటే చలి. అంచులకు పోయి రెక్కలు వాల్చి, నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకు చేరితే ఎక్కడి నుంచో గాలి దూరుతోంది. వలయమంతా పరచుకుని తింటూ తాగుతూ నిద్రపోతూ ఉంటే బల్బు ఎత్తు కుదిరినట్టే. రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారకముందే ఒకసారి చూడటం తప్పనిసరి. చలి బాగా పట్టేది ఆ వేళలోనే. హైదరాబాద్ డిసెంబరు రాత్రుల్లో దీపం ఆరితే గంటలోనే నష్టం జరుగుతుంది. మే నెల పగలు గది వేడే 38, 40 డిగ్రీలుంటుంది కనుక దీపం తీసేసి గాలి ఆడనివ్వాలి. ఇక్కడి వాతావరణానికి ఫిబ్రవరిలో పిల్లల్ని తేవడం అన్నివిధాలా అనుకూలం. చలి తగ్గుతుంది, వడగాడ్పుల నాటికి ఈకలు వస్తాయి, ఐదున్నర ఆరు నెలలకు, అంటే వానాకాలంలో, గుడ్లు మొదలవుతాయి.

తెచ్చిన వెంటనే పిల్లలకు ఇవ్వాల్సింది మేత కాదు, నీళ్లు. ప్రయాణంలో ఒళ్లు ఎండిపోయి ఉంటుంది. కాచి చల్లార్చిన నీటిలో కొద్దిగా గ్లూకోజ్ కలిపి, ఒక్కో పిల్ల ముక్కును మెల్లగా ముంచి వదిలితే తాగడం నేర్చుకుంటుంది. ఒకటి నేర్చుకుంటే పక్కవి దాన్ని చూసి నేర్చుకుంటాయి. నీటిపళ్లెం లోతుగా ఉంటే మునిగిపోతాయి కనుక గులకరాళ్లు వేయాలి. కొన్ని గంటల తర్వాత మొక్కజొన్న రవ్వో నూకలో కాగితం మీద చల్లి, మర్నాటి నుంచి 20 శాతం దాకా మాంసకృత్తులున్న చిక్ స్టార్టర్ దాణా పెట్టాలి. గుడ్లకోళ్ల దాణా పిల్లలకు వేయడం పెద్ద తప్పు. పెంకు కోసం అందులో కలిపే 3, 4 శాతం కాల్షియం పిల్లల మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఉప్పు వేసిన వంట మిగులు కూడా పిల్లలకు విషమే. బూజు పట్టిన వేరుశనగ చెక్క ఏ వయసు కోడికీ పెట్టకూడదు.

కొన్ని పిల్లలకు వెనుక భాగాన రెట్ట గట్టిపడి దారి మూసుకుపోతుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో మెత్తబరచి తీయాలి. లాగితే చర్మం ఊడుతుంది. ఇంత చిన్న పని చేయకపోతే ఆ పిల్ల ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

గూడు

ఐదు వారాలు దాటిన పిల్లలు పగలు ఎండలో తిరిగి రాత్రి గూటికి చేరవచ్చు. మాసబ్ ట్యాంక్‌లో కోడికి శత్రువులు పల్లెలో కంటే తక్కువేమీ కాదు. పిల్లులు, వీధికుక్కలు, పందికొక్కులు, ముంగిసలు, పగలు కాకులు, ఆకాశంలో గద్దలు. పందికొక్కు నేల తవ్వుకుని వస్తుంది. ముంగిస పిడికిలి పట్టనంత సందులో దూరి ఒక్క రాత్రిలో గూడంతా ఖాళీ చేస్తుంది. దుకాణాల్లో కోళ్ల జాలీ అని అమ్మే ఆరు మూలల పల్చటి తీగ కోడిని లోపల ఉంచగలదు గానీ ముంగిసను బయట ఉంచలేదు. అరంగుళం కన్నున్న వెల్డింగ్ జాలీ కాస్త ఖరీదెక్కువైనా అదే కొనాలి.

ఆరు పెట్టలకు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గూడు సరిపోతుంది. ఒక్కోదానికి 2 చదరపు అడుగులు వస్తుంది. గూటి పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు మే నెల ఎండ నేరుగా లోపలికి కొట్టదు. నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తున కాళ్ల మీద నిలిపితే వాననీరు, పందికొక్కు రెండూ తప్పుతాయి. రాతినేలలో జాలీని అడుగు లోతున పాతడం అయ్యే పని కాదు కాబట్టి ఇక్కడ ఎత్తు గూడే సరైన మార్గం. నేల మీదే కట్టాల్సి వస్తే అడుగున సిమెంటు వేయించాలి. గోడల్లో కింది సగం చెక్క, పై సగం జాలీ. వాన కొట్టేవైపు గోనెపట్టా వేలాడదీస్తే చాలు, అన్నివైపులా మూసేయకూడదు. రెట్టలోంచి వచ్చే అమ్మోనియా ఘాటు కళ్లను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. వంగి లోపలికి తల పెట్టినప్పుడు మనిషి కళ్లు మండుతుంటే కోళ్లకు అప్పటికే హాని మొదలైనట్టు.

లోపల రెండంగుళాల వెడల్పు కర్ర అడ్డంగా బిగించాలి. కోడి నేల మీద కాక ఎత్తున కూర్చుని నిద్రపోవడానికి ఇష్టపడుతుంది. అడుగు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గుడ్ల పెట్టెలు రెండు, మసక వెలుతురు పడే మూలన ఉండాలి. తలుపుకు కొక్కెం మాత్రమే కాదు, చిన్న తాళం కూడా వేయాలి. ఆరుబయట బూడిద కలిపిన పొడిమట్టి ఒక తొట్టిలో ఉంచితే కోళ్లు అందులో పొర్లి పేలను వదిలించుకుంటాయి.

మేడ మీద పెంచేవారు ఇంకో సంగతి చూసుకోవాలి. పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. కోడి శరీర ఉష్ణోగ్రత 41 డిగ్రీల చుట్టూ ఉంటుంది. దానికి చెమట గ్రంథులు లేవు, రొప్పడమే చల్లబడే ముఖ్య మార్గం. వేసవిలో మేడ గూటికి పైన తడిక పందిరి, పక్కల తడి గోనెపట్టాలు, మట్టికుండ నీళ్లు ఉంటేనే కోళ్లు బతుకుతాయి. దాణా మధ్యాహ్నం ఆపి పొద్దునా సాయంత్రం మాత్రమే వేయాలి.

టీకాలు, తెగుళ్లు

పెరటి కోళ్లను గంపగుత్తగా తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. దీన్ని రాణిఖేత్ అంటారు. 1920ల చివర్లో కుమావూ కొండల్లోని ఆ ఊళ్లో బయటపడిందని ఆ పేరు. ఇంగ్లండులో 1926లో న్యూకాజిల్‌లో కనిపించిన రోగమూ ఇదే. ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ మెలిపడటం గుర్తులు. మందు లేదు, టీకా మాత్రమే ఉంది. పిల్లలకు 5 నుంచి 7 రోజుల మధ్య లాసోటా చుక్క కంట్లో వేయాలి, 28వ రోజున మళ్లీ ఇవ్వాలి. 8, 9 వారాల వయసులో ఆర్2బి టీకా చర్మం కింద ఇవ్వాలి. గంబోరో అనే మరో తెగులుకు టీకా 14వ రోజున పడుతుంది.

పెరటి పెంపకంలో అసలు చిక్కు టీకా సీసా పరిమాణం. చిన్న సీసా కూడా వంద కోళ్లకు సరిపోయేలా ఉంటుంది. కలిపిన తర్వాత గంట రెండు గంటల్లో వాడేయాలి. ఆరు పిల్లలున్న ఇల్లు ఒంటరిగా సీసా తెచ్చి మిగతాది పారబోయాలంటే మనసొప్పదు, చాలామంది అక్కడే మానేస్తారు. చుట్టుపక్కల కోళ్లున్న నాలుగిళ్లవారు మాట్లాడుకుని ఒకే రోజు వేయించుకుంటే ఆ చిక్కు తీరుతుంది. సీసాను మంచులో పెట్టి 2 నుంచి 8 డిగ్రీల మధ్యే తేవాలి. నీటిలో కలిపి తాగించే టీకాకైతే నగరంలో ఇంకో అడ్డంకి ఉంది. జలమండలి నల్లా నీళ్లలోని క్లోరిన్ సజీవ టీకాను చంపేస్తుంది. కాచి చల్లార్చిన నీరు తీసుకుని, అందులో కొద్దిగా వెన్న తీసిన పాలపొడి కలిపాకే టీకా కలపాలి.

వానాకాలంలో మూడు నుంచి ఆరు వారాల పిల్లలకు రక్తపారుడు వస్తుంది. దానికి మూలం తడిసిన ఊక. ఊకను రోజూ తిరగేసి, నీళ్లు ఒలికిన చోట మార్చేస్తే చాలావరకు రాదు. వస్తే ఆంప్రోలియం వంటి మందులు పశువైద్యుడి సలహాతో ఇవ్వాలి. నగరంలో నారాయణగూడలోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు.

బర్డ్ ఫ్లూ హైదరాబాద్‌కు దూరపు మాట కాదు. 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో హెచ్5ఎన్1 బయటపడింది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో అదే రకం కోళ్లను పెద్దఎత్తున బలితీసుకుంది. అటువంటి రోజుల్లో పెరటి కోళ్లను బయటికి వదలకూడదు. కాకులు, పావురాలు దాణా పళ్లెంలో మూతి పెట్టకుండా పైన జాలీ కప్పాలి. కోళ్ల మార్కెట్‌కు వెళ్లివచ్చిన చెప్పులతో గూటి దగ్గరికి పోకూడదు. మామూలు రోజుల్లో కూడా కోళ్లను, గుడ్లను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. కోడిపిల్లల్ని ముద్దుపెట్టుకునే చిన్నపిల్లలకు సాల్మొనెల్లా సోకే ప్రమాదం ఉంది.

ఒకటి రెండు రోజుల్లో వరుసగా కోళ్లు చనిపోతే వాటిని కోయడం, వండటం, ఇరుగుపొరుగుకు ఇవ్వడం చేయకూడదు. చెత్తబండిలోనూ వేయకూడదు. చేతులకు సంచి తొడుక్కుని తీసి, విడిగా కట్టి ఉంచి, మిగిలిన కోళ్లను గూట్లోనే మూసి, శాంతినగర్‌లోని పశుసంవర్ధక శాఖకు గానీ దగ్గర్లోని పశువైద్యుడికి గానీ ఆ పూటే తెలపాలి. నమూనాలు వాళ్లే తీసుకుంటారు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ ఇంటినుంచి గుడ్డు గానీ కోడి గానీ బయటికి పోకూడదు.